అన్న తిన్న తొక్కు

విజయేందర్ ఇప్పటిదాకా ఓ డజను కథలు రాసి ఉంటాడు. జనానికి గుర్తున్నది ఒక్కటే. అది ఎందుకు గుర్తుండిపోయిందో సరిగ్గా తెలిసినవాడు అతనొక్కడే, కానీ ఆ సంగతి ఎవరి దగ్గరా ఎత్తడు. పంజాగుట్టలో ఒక బీమా కంపెనీ ఆఫీసులో క్లెయిముల మేనేజరు అతను. జనం రాసిచ్చిన కాగితాల్లో అబద్ధం ఏ మూలనుందో వాసన పట్టి తిప్పి పంపడమే అతని పని. ఆ పనిలో అతని ముక్కుకు మంచి పేరుంది. తన కథ దగ్గరికొచ్చేసరికి మాత్రం పాపం ఆ ముక్కుకు జలుబు చేసేది.

కథ పేరు 'పంపకం'. అందులో ఇద్దరన్నదమ్ములు. సిద్దిపేట వైపు పల్లె, తండ్రి లేడు, తల్లి కూలికి పోతుంది. పెద్దోడు బడి మానేసి పట్నమొచ్చి సనత్‌నగర్‌లో లేత్ మిషన్ మీద ఇనుము చెక్కుతూ చిన్నోణ్ణి చదివిస్తాడు. చిన్నోడు ఆఫీసరై, ఒకనాడు అన్న చేతుల మీద కాలిన మచ్చలు చూసి కుప్పకూలి ఏడుస్తాడు. ఇలాంటి కథ ఏదో ఒక పత్రికలో ఎప్పుడూ వస్తూనే ఉంటుంది, మనం చదివి కళ్లు తుడుచుకుని కాఫీ పెట్టుకోవడానికి లేస్తూనే ఉంటాం. కథలో పేర్లు మార్చినా, ఆ అన్న తన సొంత అన్న కనకయ్యేననీ, ఆ తల్లి తమ తల్లి మంగవ్వేననీ విజయేందర్ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పుకున్నాడు.

ఆ కథ నడిమధ్యలో ఒక మాట ఉంది. "ఎండకాలం వచ్చిందంటే నాకు మామిడిపండు, అన్నకు తొక్కు. మా ఇంట్ల పంపకం గట్లుండె." తొక్కు అంటే తెలంగాణ ఇళ్లలో పచ్చడి. మామిడికాయ దంచి, ఉప్పు, కారం, ఎల్లిపాయ కలిపి, నూనె పోసి జాడీకెత్తే పచ్చడి. విజయేందర్ ఆ మాట రాసినప్పుడు మనసులో ఉన్నదీ అదే. తమ్ముడికి పండంటే ప్రాణం, అన్నకు తొక్కంటే ప్రాణం. ఎవరు అడిగింది వాళ్లకు పెట్టేది మంగవ్వ. అంతకుమించి అందులో ఏమీ లేదు. ఇంకో నాలుగు వాక్యాలుంటే పేజీ నిండుతుందనుకున్నప్పుడు రాసిన మాట అది.

ఆ కథ ఉన్న పుస్తకం అచ్చయ్యాక పంజాగుట్టలోనే ఒక ట్రస్టు వాళ్ల హాల్లో విశ్లేషణ సభ పెట్టారు. మాట్లాడడానికి వసుమతిగారిని పిలిచారు. ఆవిడది తెనాలి వైపు, కాలేజీలో తెలుగు చెప్పి రిటైరై శ్రీనగర్ కాలనీలో ఉంటున్నారు. చిన్న కథను చేతికిచ్చినా గంటసేపు మాట్లాడగలరనీ, ఆ గంటలో ఒక్కరూ లేచిపోరనీ పేరు. ఆ రోజు ఆవిడ కథంతా వివరించి, ఆ మాట దగ్గరికొచ్చి ఆగి, కళ్లజోడు తీశారు.

"ఇక్కడ నాకో చిన్న అనుమానం విజయేందర్ గారూ. మా వైపు తొక్కు పచ్చడి అనే మాట ఉంది. కానీ మీరు మామిడిపండు పక్కనే పెట్టారు కాబట్టి ఇది పండు తొక్కే అనుకుంటున్నాను. పండు తమ్ముడికి, తొక్క అన్నకి. ఇంతకంటే చిన్న వాక్యంలో ఇంత పెద్ద త్యాగం నేను చదవలేదు. అంతేనాండీ?"

హాలంతా విజయేందర్ వైపు తిరిగింది. ముందు వరసలో ఒకావిడ అప్పటికే కొంగు కళ్లకద్దుకుంటోంది. ఇప్పుడు లేచి, కాదమ్మా, అది ఒట్టి పచ్చడి, అంటే ఆ కొంగు ఏమైపోవాలి. విజయేందర్ తల ఊపాడు. ఊపి ఊరుకున్నా బాగుండేది. తన వంతు వచ్చి మైకు ముందుకు పోయాక, "ఆ తొక్కకు అంటుకున్న కాస్త గుజ్జు కోసం మా అన్న..." అని, మాట పెగలనట్టు ఆగాడు. ఆ ఆగడం నటన కాదు. అంటున్నప్పుడు అతనికి నిజంగానే గొంతు పూడుకుపోయింది. అబద్ధం మన నోట్లోంచే వచ్చినా వినడానికి అంత బాగుండొచ్చని అతనికి అప్పటిదాకా తెలియదు.

కనకయ్య ఆ సభకు వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, వేలికి రాయి ఉంగరం, బయట కారు. సనత్‌నగర్‌లో సొంత షెడ్డు ఆయనది, పంపు షాఫ్టులు తయారుచేసి ఊళ్లకు పంపిస్తాడు. రెండంతస్తుల ఇల్లుంది. తమ్ముడి ఫ్లాటు మీద ఇంకా బ్యాంకు వాళ్ల చూపుంది కానీ అన్న ఇంటి మీద ఎవరి చూపూ లేదు. సభ అయ్యాక జనం తొక్కలు తిన్న అన్న ఎక్కడా అని వెనక కుర్చీల్లో వెతికారు. ఇదిగో ఈయనే అని చూపిస్తే కొందరి మొహాలు వాడిపోయాయి. కారు దాకా నడుస్తూ కనకయ్య తమ్ముణ్ణి మెల్లగా అడిగాడు.

"తమ్మీ, నేను తొక్కలు ఎప్పుడు తిన్నరా? నన్నేమన్న మేక అనుకున్నవా?"

"సాహిత్యంల గట్లనే ఉంటదన్నా."

"గట్లనా," అని కనకయ్య కారెక్కాడు. ఆ తరువాత ఎవరు సభ పెట్టినా విజయేందర్ ముందు రోజు ఫోన్ చేసి, ఉంగరం తీసి రమ్మనీ, కారు కాస్త దూరంగా ఆపమనీ చెప్పేవాడు. కనకయ్య అలాగే వచ్చేవాడు. తమ్ముడు తన గురించి రాసి పేరు తెచ్చుకుంటే ఆయనకు సంతోషమే. షెడ్డులో పనివాళ్లు మాత్రం ఎండాకాలంలో పండు తిన్నప్పుడల్లా తొక్క ఒకటి పక్కనపెట్టి, "సేటూ, మీ వాటా," అనేవాళ్లు. దానికీ ఆయన నవ్వేవాడు.

రెండో ముద్రణకు విజయేందర్ ముందుమాట రాస్తూ వసుమతిగారి విశ్లేషణను అందులో పెట్టి, ఆవిడ నా మనసులోని మాటను బయటికి తీశారని కృతజ్ఞత చెప్పాడు. కథ ఇంగ్లీషులోకి పోయింది. అక్కడ దాని పేరే మార్చేసి 'ది పీల్' అని పెట్టారు. ఆ తరువాత లెక్చరర్ల ఉద్యోగ పరీక్షకు సిలబస్‌లోకి ఎక్కింది. సిలబస్‌లోకి ఎక్కిందంటే అమీర్‌పేటకు చేరినట్టే. అమీర్‌పేటలో దేన్నైనా నాలుగు ఆప్షన్లుగా కోసి, జిరాక్సు తీసి, స్పైరల్ బైండు చేసి అమ్మగలరు. మెట్రో స్టేషన్ కింద గోడల మీద సాఫ్ట్‌వేరు కోర్సుల కాగితాల పక్కనే "పంపకం కథ మీద నూరు బిట్లు" అనే కాగితం కూడా అంటించారు. విజయేందర్ ఒకసారి పని లేకున్నా అటు పోయి దాన్ని చూసుకుని వచ్చాడు.

కనకయ్య కూతురు మధులత ఎమ్మే తెలుగు చదివి, అదే పరీక్షకు అదే అమీర్‌పేటలో కోచింగ్‌కు పోతోంది. అక్కడ పాఠం చెప్పే రామ్మోహనరావు సారుకు ఒక పద్ధతి ఉంది. ముఖ్యమైన బిట్టును క్లాసంతటి చేతా పాట పాడినట్టు అనిపిస్తాడు. "పండు?" అంటే "తమ్ముడికి" అనాలి. "తొక్క?" అంటే "అన్నకి" అనాలి. మధులత చెయ్యెత్తి, సార్, తొక్కు అంటే పచ్చడి సార్ అంది. రచయితకంటే నీకెక్కువ తెలుసా అమ్మా అన్నాడు సారు. రచయిత మా చిన్నబాపు, ఆ అన్న మా బాపు, అంది మధులత. క్లాసు పగలబడి నవ్వింది. అమీర్‌పేటలో అందరూ ఎవరో ఒకరి చుట్టాలే, అని సారు కూడా నవ్వి తరువాతి బిట్టుకు పోయాడు. అప్పటినుంచి ఆ పిల్లను తొక్క మధులత అని పిలుస్తున్నారు.

పరీక్షలో ఆ ప్రశ్న రానే వచ్చింది. 'పంపకం' కథలో అన్న తినే తొక్కు ఏమిటి? పండు తొక్క, పచ్చడి, తవుడు, చద్దన్నం. జవాబుల కీ వచ్చినప్పుడు పండు తొక్క కరెక్టు అని ఉంది. మధులత పచ్చడికి పెట్టింది.

ఒక బుధవారం మధ్యాహ్నం ఆమె నేరుగా పంజాగుట్ట ఆఫీసుకు వచ్చింది. విజయేందర్ టిఫిన్ డబ్బా మూత తీస్తున్నాడు.

"ఏం బిడ్డా, గిటు వచ్చినవు? కూసో, తిందువు."

"తిని వచ్చిన చిన్నబాపూ. మీతోని చిన్న పనుండె." ఆమె ఫోన్‌లో కీ తీసి చూపించింది. "కీ మీద అభ్యంతరాలుంటే శనివారం సాయంత్రం అయిదింటిలోపట పెట్టుమన్నరు. నాకు ఒక్క మార్కు అటో ఇటో అయ్యేటట్టున్నది. మీరు రెండు ముక్కలు రాసియ్యాలె. నా కథల తొక్కు అంటే పచ్చడే అని. కింద సంతకం. గంతే."

"డిక్షనరీ పేజీ పెడ్తే సరిపోదా?"

"సరిపోదు. మా సారును అడిగిన. రెండో ముద్రణ ముందుమాటల మీరే తొక్క అని ఒప్పుకున్నరు కదా, కీ రాసినోళ్లు దాన్ని చూసే రాసిన్రట. మల్ల మీరే కాదనాలె."

"మీ బాపుతోని రాయించరాదు? తిన్నోడు ఆయనే కదా."

"గది సుత అడిగిన. పాత్ర మాట చెల్లదట. రచయిత సంతకమే కావాలట."

విజయేందర్ నవ్వబోయి ఆగిపోయాడు. ఆమె నవ్వడం లేదు. "నీకు కోచింగుల చెప్పిన జవాబు తెలుసు కదా బిడ్డా. అందరి లెక్క అదే పెడ్తే అయిపోతుండె."

"ఎట్ల పెడ్త? అది మా ఇంట్ల సంగతి," అంది మధులత. "మల్ల నోటిఫికేషన్ ఎప్పుడొస్తదో ఎవరికెర్క. వచ్చెటాల్లకు నాకు వయసు దాటిపోతది."

"ఫికర్ చెయ్యకు. రాసిస్త," అన్నాడు విజయేందర్. అన్నప్పుడు మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆమె వెళ్లగానే కాగితం తీసుకుని రాశాడు కూడా. సంతకం దగ్గరికి వచ్చేసరికి ఆదివారం గుర్తొచ్చింది. ఆదివారం అదే హాల్లో అతనికి పురస్కారం. అక్కడ చదివే ప్రశంసాపత్రం రాస్తున్నది వసుమతిగారు. ఆవిడతో ఒక మాట చెప్పకుండా సంతకం పెడితే పెద్దావిణ్ణి అవమానించినట్టు అవుతుందనుకున్నాడు. సంతకం పెట్టకుండా ఉండడానికి మర్యాద అంత వీలైన కారణం ఇంకోటి దొరకదు.

శుక్రవారం సాయంత్రం దాకా ఆగి వాళ్లింటికి పోయాడు. తన ఫ్లాటుకు రెండు వీధుల అవతలే. వసుమతిగారు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు. దారి పొడుగునా అతను ఒకటే అనుకుంటూ వచ్చాడు. ఆవిడ బాధపడతారు, నా పరువు తీశారంటారు, ఆవిడ కోసమైనా నేను ఈ పని చేయలేను. ఈ మాట మధులతతో ఎలా చెప్పాలో కూడా సగం తయారుచేసుకున్నాడు.

ఆవిడ అంతా విని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "దానికేంటండీ, రాసివ్వండి. ఆడపిల్ల ఉద్యోగం కదా. నేను ఆ రోజు సభలో అడిగాను, పచ్చడేమో అని. మీరు తలూపారు కాబట్టి రాశాను. తప్పని తెలిస్తే నేనే వ్యాసం దిద్దుకుంటాను, నాకేం నామోషీ లేదు."

విజయేందర్ తయారుచేసుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. "ఆదివారం పత్రం..." అన్నాడు.

"అదే ఆలోచిస్తున్నాను. ఆ భాగం తీసెయ్యాలి." ఆవిడ లోపలికి పోయి పత్రం చిత్తుప్రతి తెచ్చి, పెన్సిలుతో గీస్తూ వచ్చారు. మొదటి పేజీలో సగం పోయింది, రెండో పేజీ మొత్తం పోయింది. ఆవిడకు కథ మీద ఇష్టముంది, దాన్ని ఎలాగైనా నిలబెట్టాలని చూస్తున్నారు. "పోనీండి, పచ్చడే అనుకుందాం. అన్న పండు తినకుండా పచ్చడితో సరిపెట్టుకున్నాడు. అప్పుడు కూడా త్యాగమేగా. కాకపోతే ఒకటి. ఆయనకి మామిడిపండు ఇష్టమేనా? ఇష్టముండి మీ కోసం మానుకుంటేనే కదండీ అది త్యాగం. ఇష్టం లేని మనిషి తినకపోతే దాన్నేమంటాం?"

"ఇష్టమేనండీ," అన్నాడు విజయేందర్.

"అయితే నిలబడుతుంది. లేకపోతే మాత్రం..." వసుమతిగారు పెన్సిలు కింద పెట్టారు. "లేకపోతే ఇందులో ఒక పిల్లాడు పండు తిన్నాడు, ఇంకో పిల్లాడు పచ్చడి తిన్నాడు. మీ అన్నయ్యనే ఒకసారి కనుక్కుని చెప్పండి, రేపు సాయంత్రానికి పత్రం అచ్చుకివ్వాలి."

ఆ మాట అతనికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. ఇంటికి నడక మొదలుపెట్టాడు. ఇన్నాళ్లూ తొక్క ఒక్కటే అబద్ధమని, మిగిలినదంతా నిజమని ఒక ధీమా ఉండేది. అన్న తన కోసం ఏదో ఒకటి వదులుకునే ఉంటాడు. వదులుకోకపోతే తనకు ఈ కథ లేదు, ఈ ఏడుపు లేదు, సభల్లో జనం తనవైపు చూసిన ఆ చూపు లేదు. యాభై దాటిన మనిషి, తన కోసం ఒకరు ఆకలితో ఉన్నారని తెలిస్తే చాలునని కోరుకుంటూ నడిచాడు. అలా కోరుకుంటున్నందుకు సిగ్గేసింది కూడా.

శనివారం మూడు దాటాక సనత్‌నగర్ షెడ్డుకు పోయాడు. కాగితం జేబులోనే ఉంది, సంతకం లేదు. మధులత గాజు గది లోపల ల్యాప్‌టాప్ తెరిచి కూర్చుంది. ఆ ఒక్క కాగితం ఎక్కిస్తే అభ్యంతరం దాఖలవుతుంది. చిన్నబాపును చూసి లేచి బయటికి వచ్చింది. కనకయ్య మిషన్ ఆపించి, చేతులు గుడ్డ పేలికలతో తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"తెచ్చినవా తమ్మీ? పొద్దటి సంది ఎదురు చూస్తున్నది పిల్ల."

"తెచ్చిన. దానికంటె ముందు ఒకటి అడుగుత అన్నా, నిజం చెప్పు. చిన్నప్పుడు నీకు మామిడిపండంటే ఇష్టముండె కదా? నాకోసమే తినకపోతుంటివి కదా?"

"పండా?" కనకయ్య నవ్వాడు. "తీపి పెట్టుకుంటే నాకు నోట్ల పండ్లు జుమ్మంటయి కదరా. ఇప్పటికీ గంతే. తొక్కుంటే నాకు కూర సుత అక్కర లేకుండె. అవ్వ జాడీ అటుక మీద దాస్తే ఎక్కి మరీ తింటుంటి. ఓపారి జాడీ పలిగి మస్తు దెబ్బలు పడ్డయి, యాదికి లేదా?"

"మరి బడి? నాకోసమే మానినవు కదా?"

"లెక్కల సారు కట్టె పట్టుకొని ఎన్క పడుతుండె. మిషన్లంటే నాకు పాణం. మన రాజనర్సయ్య మామ లారీ పట్నం పోతుంటే ఎక్కి వచ్చిన. అవ్వకు సుత చెప్పలే. ఆమె ఊరంత దేవులాడిందట."

"నా చదువుకు పైసలు పంపినవు కదా," అన్నాడు విజయేందర్.

"పంపిన. నా దగ్గర ఉన్నయి, నీకు కావాలె, పంపిన. తమ్మునికి పంపకుంట ఎవరికి పంపుత? గదొక ముచ్చటనా?"

విజయేందర్ అక్కడున్న స్టూలు మీద కూర్చున్నాడు. జేబులోంచి కాగితం తీశాడు, పెన్ను తీశాడు, రెండూ చేతిలో పట్టుకుని నేల చూస్తూ ఉండిపోయాడు. మధులత ఒకసారి గోడ మీది గడియారాన్ని చూసి, ఒకసారి పెన్నును చూసింది. కనకయ్య తమ్ముడి మొహం చూశాడు. చిన్నప్పుడు ఆ మొహం అలా పెడితే మంగవ్వ చేతిలో ఉన్నది ఏదైనా వాడికే పోయేది.

"ఏమైందిరా? ఇది రాసిస్తే రేపటి సభకేమన్న అడ్డమా?"

"అడ్డం కాదు," అన్నాడు విజయేందర్. "కథల ఇంకేం ఉండదన్నా. పండు తిన్న పోరడు, పచ్చడి తిన్న పోరడు, గంతే మిగులుతది."

కనకయ్య గుడ్డ పేలికను మడిచి, మళ్లీ విప్పాడు. ఆయన కథ పూర్తిగా ఎప్పుడూ చదవలేదు. కానీ ఆ కథ పుణ్యాన తమ్ముడు నెలకోసారి ఫోన్ చేసి, సభకు రా అన్నా, ముందు వరసల కూసోవాలె, అంటాడు. కథ రాకముందు ఆ ఫోన్ పండుగకో పబ్బానికో వచ్చేది.

"అయితే రాయకు," అన్నాడు కనకయ్య.

"బాపూ," అంది మధులత.

"ఒక్క మార్కు కదా బిడ్డా. నీకు తెలివున్నది, ఇంకోటి రాస్తవు. వానికి ఉన్నది ఒక్క కథ." ఆయన తమ్ముడి వైపు తిరిగాడు. "పండే ఇష్టముండె అనుకో. తొక్కలే తిన్న అనుకో. ఎవరడిగినా గట్లనే చెప్త. ఏం పోతది నాకు?"

"అట్లెట్లన్నా, పిల్ల ఉద్యోగం..." అన్నాడు విజయేందర్. విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టకుండా చాలు చాలు అనేవాళ్లు ఉంటారే, అలా అన్నాడు. అంటున్నప్పుడే పెన్ను జేబులోకి పోయింది. ఎప్పుడు పోయిందో తనకే తెలియలేదని తరువాత అనుకున్నాడు. సిగ్గుతో మొహం కాలిపోతోంది, అయినా లోపల మోయలేని బరువేదో దిగినట్టు హాయిగా ఉంది. హాయే ఎక్కువగా ఉంది.

మధులత లోపలికి పోయి ల్యాప్‌టాప్ మూసింది. సంచీ భుజాన వేసుకుని బయటికి వచ్చి తండ్రి ముందు ఆగింది. ఏడుస్తుందనుకున్నారు ఇద్దరూ. ఏడవలేదు.

"బాపూ, ఇచ్చుడు నీకు మొదటి సంది అలవాటే. గని ఇయ్యాల ఇచ్చింది నీ పళ్లెంలది కాదు, నా పళ్లెంలది."

ఆమె చిన్నబాపు వైపు చూడకుండానే గేటు దాటి, అమీర్‌పేట పోయే ఆటో ఎక్కింది. రామ్మోహనరావు సారు తరువాతి బ్యాచ్ సోమవారం మొదలుపెడుతున్నాడు.

మిషన్ మళ్లీ నడిచింది. కనకయ్య తమ్ముడికి టీ తెప్పించాడు. ఇద్దరూ టీ తాగారు. దారిలో విజయేందర్ వసుమతిగారికి ఫోన్ చేసి, అన్నయ్యనే స్వయంగా అడిగానండీ, పండంటే ఇష్టమేనట, తిన్నది మాత్రం తొక్కలేనట, అని చెప్పాడు. ఆవిడ మరి ఆ పిల్ల సంగతో అన్నారు. ఇంట్లోనే సర్దుకున్నామండీ అన్నాడు. ఆవిడ, సరేనండీ, అయితే కొట్టేసినవన్నీ మళ్లీ రాసుకుంటాను, అన్నారు.

ఆదివారం హాలు నిండింది. పత్రం చదువుతున్నప్పుడు వసుమతిగారి గొంతు మునుపటిలా పలకలేదు గానీ, జనం అది గమనించలేదు. శాలువా కప్పారు. మైకు ముందు నిలబడి విజయేందర్ ముందు వరసలోకి చూశాడు. కనకయ్య ఉన్నాడు, పక్కన కూతురి కోసం పట్టి ఉంచిన కుర్చీ ఖాళీగా ఉంది. విజయేందర్ శాలువా సర్దుకుని, మా అన్న నా కోసం త్యాగం చేశాడు, అన్నాడు. హాలంతా చప్పట్లు మోగాయి. ఆ మాట అతను చాలా సభల్లో అన్నాడు. అది నిజం కావడం మాత్రం ఇదే మొదటిసారి.